కరకట్ట మీద పంక్చర్

గురువారం రాత్రి పదకొండు దాటితే చాలు
మా సర్వర్ గుడ్లు తేలేస్తుంది.
మూడు వారాలుగా ఇదే వరస.
మెమరీ ఎక్కడో కారుతోంది.
ఎక్కడో తెలియక
చిన్న స్క్రిప్టు ఒకటి రాసి పెట్టాను, నాలుగే లైన్లు:
పడిపోతే లేపు, మళ్ళీ పడితే మళ్ళీ లేపు.
ప్రద్యుమ్న చాట్‌లో చప్పట్ల బొమ్మ పెడతాడు.
టికెట్ మూసేస్తాం.

ఐదింటికి, పటమటలో,
సైకిల్ భుజానేసుకుని మూడంతస్తులు దిగుతాను.
"లిఫ్టుంది కదమ్మా" అంటాడు వాచ్‌మన్ రత్తయ్య,
రోజూ, కొత్తగా.
రాత్రంతా కుర్చీకి అంటుకున్న నడుముకి
ఆ మెట్లే మొదటి మందు.

బెంజి సర్కిల్ గుండ్రంగా ఉంటుందని
ఆ వేళప్పుడే తెలుస్తుంది.
బ్యారేజీ మీద గాలి
హెల్మెట్ చిల్లుల్లోంచి దూరి
తలలో ఇంకా తెరిచే ఉన్న కిటికీలను
ఒక్కొక్కటే మూస్తుంది.
గేట్లు లెక్కపెడదామని మొదలుపెట్టి
ఎప్పుడూ ముప్పై దగ్గర తప్పిపోతాను.
నీటికాకి ఒకటి రెక్కలారేసుకుంటుంది,
దానికి తొమ్మిదిన్నరకి మీటింగ్ లేదు.

ఉండవల్లి దాటాక కరకట్ట.
ఇటు అరటితోటలు, అటు కృష్ణ.
సీటు కింద నా సంచి:
బొటనవేలంత పంపు, టైరు ఊడదీసే రెండు మీటలు,
ఆరుపలకల తాళాల గుత్తి, అతుకుల డబ్బా.
ఏ ఎడిటర్ మంచిదని ఆఫీసులో ఎంత పోట్లాడతానో
ఈ సంచి గురించీ అంత పోట్లాడగలను.

వెనక చక్రం ఉసూరుమంది.
నాలుగు నిమిషాల్లో అతుకేశాను.
నన్నెవరైనా చూస్తే బావుండనిపించింది.
అర కిలోమీటరు.
మళ్ళీ ఉసూరు.
ఇంకో అతుకు.
మూడోసారికి డబ్బా ఖాళీ.

నీలం పట్టా కింద మస్తాన్‌వలీ,
ఇసుక లారీల టైర్ల మధ్య, సిమెంటు తొట్టి పక్కన.
ట్యూబు ఇచ్చాను. తీసుకోలేదు.
టైరు తీసుకున్నాడు.
కళ్ళు మూసుకుని
లోపలంతా వేలు పెట్టి తడుముకుంటూ వెళ్ళాడు,
తొందర లేదు, రొద లేదు.
ఒకచోట ఆగాడు.
పట్టకారుతో లాగితే
బియ్యపుగింజంత తుమ్మముల్లు.

"అతుకులు బానే వేశావమ్మా.
ముల్లు లోపలే ఉంచుకుని ఎన్నేస్తే ఏం లాభం?"

అప్పుడు ముంచాడు ట్యూబుని తొట్టిలో.
బుడగలు వరసగా, బుద్ధిగా లేచాయి,
అడిగితే చెప్పేవాళ్ళమే కదా అన్నట్టు.

"ఏం పని చేస్తావు?"
"ఇదే పని" అన్నాను.
నవ్వలేదు.
నా గోళ్ళ వంక చూశాడు. ఎక్కడా మసి లేదు.
ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

తర్వాతి గురువారం
ఆ నాలుగు లైన్లూ చెరిపేసి
సర్వర్‌ని పడనిచ్చాను.
ఫోను మోగింది. మోగనీ.
లాగ్ మీద వేలు పెట్టి
పైనుంచి కిందికి, ఒక్కో అంగుళం.
రెండున్నరకి దొరికింది:
వచ్చిన ప్రతివాడి పేరూ రాసుకుని
వెళ్ళినవాడి పేరు ఎన్నడూ కొట్టేయని
ఒక పిచ్చి పట్టిక.
ఎవరు రాశారని గిట్‌ని అడిగాను.
రెండేళ్ళ కిందటి ఆగస్టు, అర్ధరాత్రి దాటిన టైము,
నా పేరు.
ఆ రాత్రి ఏం తొందరో.
గుర్తులేదు. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

తెల్లారి మస్తాన్‌వలీకి చెబుదామని కరకట్టెక్కాను.
ఏమని చెప్పాలో దారంతా అనుకుంటూనే.
శుక్రవారం. పట్టా దించి ఉంది.
తొట్టి నిండా నీళ్ళు, కదలకుండా.
దాని అంచు మీద
లకుముకి పిట్ట ఒకటి,
అందులో ఏదో ఉందనే నమ్మకంతో
తల వంచి చూస్తోంది.